పోర్షన్ ఖాళీ అయిందా? టులెట్ బోర్డు కట్టేముందు ఇవి చూసుకోండి

మా ఇల్లు విజయనగరంలో, దాసన్నపేట వైపు. కింద మేముంటాం, పైన రెండు పోర్షన్లు. మొదటిసారి టులెట్ బోర్డు కట్టి పద్దెనిమిదేళ్లు దాటింది. ఈలోగా తొమ్మిది కుటుంబాలు వచ్చి వెళ్లాయి. ఒకరి అమ్మాయి పెళ్లికి సాలూరు దాకా వెళ్లి అక్షింతలు వేసొచ్చాం. ఇద్దరి దగ్గర మాత్రం చెయ్యి కాల్చుకున్నాను.

మంచివాళ్లు దొరకడం అదృష్టమని మా వీధిలో అందరూ అంటారు. కొంత ఉంటుందేమో గానీ, ఆ ఇద్దరికీ నేను ఇల్లిచ్చింది తొందరలోనే. పోర్షన్ ఖాళీగా పడుంటే మనసు ఊరుకోదు. మూడో వారం వచ్చేసరికి ఎవరు గేటు తీసినా మంచివాళ్లలాగే కనిపిస్తారు. కాబట్టి, తొందరపడాల్సిన అవసరం రాకుండా ముందే ఏం చేసుకోవాలో చెబుతాను. ఒకటి రెండు పోర్షన్లున్న మనలాంటి వాళ్ల కోసమే ఇది. వరసగా అపార్టుమెంట్లు కట్టించిన వాళ్ల లెక్కలు వేరు.

1. అద్దె ఐదొందలు తగ్గించి చెప్పండి

ముందు మీ వీధిలోనూ పక్క రెండు వీధుల్లోనూ ఉన్న టులెట్ బోర్డులకి మీరే ఫోన్ చేయండి, ఇల్లు వెతుక్కుంటున్నట్టుగా. ఎవరెంత చెప్పారో రాసుకోండి. నెల తర్వాత మళ్లీ ఆ దారినే వెళ్లండి. బోర్డు ఇంకా వేలాడుతుంటే ఆ రేటు పలకడం లేదన్నమాట. బోర్డు దిగిపోయిన ఇళ్ల రేటే మీకు లెక్క.

అలా మీ పోర్షన్‌కి 7,500 వస్తుందని తేలిందనుకోండి. 7,000 చెప్పండి. ఆ ఐదొందలకి ఏడాదికి పోయేది 6,000. 7,500 కోసం పట్టుబట్టి ఒక్క నెల ఖాళీగా ఉంచితే పోయేది 7,500. ఇదంతా మా ఆవిడ వేసిన లెక్క. ఆవిడ చెప్పిన ఏడాది నేను వినలేదు, రెండు నెలలు ఖాళీగా ఉంచాను. పైగా ఎక్కువ అద్దె చెబితే వచ్చేది ఇద్దరు ముగ్గురే. కాస్త తగ్గిస్తే పదిమంది వస్తారు, అప్పుడు ఎంచుకునే వీలు మన చేతిలో ఉంటుంది.

2. ఇల్లు చూపించే ముందు ఒక పూట మీరే అందులో ఉండి చూడండి

సున్నం వేయించడం అందరూ చేస్తారు. నేను చెప్పేది అది కాదు. ఖాళీ పోర్షన్లో ఒక కుర్చీ వేసుకుని సాయంత్రం నాలుగింటి నుంచి ఎనిమిది దాకా కూర్చోండి. మొదటిసారి అలా కూర్చున్నప్పుడు గానీ నాకు తెలియలేదు, పై బాత్రూమ్ కన్నంలోంచి మురుగు వాసన వస్తోందని. అంతకుముందు చూసి వెళ్లిన నలుగురూ ‘ఇంట్లో మాట్లాడి చెబుతామండీ’ అని ఎందుకు మళ్లీ ఫోన్ చేయలేదో అప్పుడర్థమైంది. జాలీ తీయించి కింద నీళ్లు నిలిచే గిన్నె పెట్టించాం. ఖర్చు మూడొందలు కూడా కాలేదు.

తర్వాత బకెట్టు పరీక్ష. పై బాత్రూమ్‌లో కుళాయి పూర్తిగా తిప్పి బకెట్టు నిండటానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూడండి. అదే సమయంలో కింద మీ వంటింటి కుళాయి కూడా తిప్పి ఉంచండి. పొద్దున్న ఏడింటికి జరిగేది అదే కదా. పైన సన్నటి ధార వస్తుంటే పైపు సంగతి ఇప్పుడే తేల్చుకోండి. ఇంటివాళ్లకీ అద్దెవాళ్లకీ మాటామాటా పెరిగేది ఎక్కువగా నీళ్ల దగ్గరే. మోటారు స్విచ్ ఎవరి దగ్గరుండాలి, ఏ టైముకి వేయాలి అన్నది కూడా అప్పుడే అనుకోండి.

కరెంటుకి వేరే మీటరు ఉండి తీరాలి. సబ్‌మీటరు పెట్టి సరిపెట్టుకుందామనిపిస్తుంది. అందులో రెండు చిక్కులున్నాయి. యూనిట్లు పెరిగేకొద్దీ శ్లాబు మారి యూనిట్ రేటు కూడా పెరుగుతుంది కాబట్టి, రెండిళ్ల వాడకం ఒకే మీటరు మీద పడితే బిల్లు ఇద్దరికీ బరువే. రెండోది, ప్రభుత్వ పథకాల అర్హతకి నెలకు సగటున 300 యూనిట్లు దాటిందా అని చూస్తున్నారు. మీ పేరున ఉన్న మీటరు మీద అద్దెవాళ్ల ఏసీ తిరిగితే, సచివాలయంలో నిలబడి సమాధానం చెప్పుకోవాల్సింది మీరు.

వానాకాలం ముందు డాబా కారుతుందో లేదో కూడా చూడండి. మన జిల్లాలకి పెద్ద తుఫాన్లు అక్టోబరులోనే వచ్చాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరులో శ్రీకాకుళం వైపు తిత్లీ. హుద్‌హుద్ నాడు మా ప్లాస్టిక్ ట్యాంకు డాబా మీంచి ఎగిరి ఎదురింటి కొబ్బరిచెట్టు మొదట్లో పడింది. అప్పుడు పైన ఉన్న మాస్టారూ నేనూ కలిసి దాన్ని తాళ్లతో లాక్కొచ్చాం. అప్పట్నుంచి మా ట్యాంకుకి ఇనుప చట్రం ఉంది.

3. సరైన నెలలో, సరైన చెవిన వేయండి

మన దగ్గర ఇళ్లు మారేది ముఖ్యంగా మే, జూన్ నెలల్లో. ఉద్యోగుల బదిలీలు, బడులు తెరవడం రెండూ అప్పుడే. ఆషాఢం వచ్చేస్తే కొత్తింట్లో పాలు పొంగించరు, శ్రావణం దాకా ఆగుతారు. పుష్యమాసంలోనూ అంతే. కాబట్టి పాతవాళ్లు ఏప్రిల్లో ఖాళీ చేస్తామంటే అదే పదివేలు. ఆషాఢంలో ఖాళీ అయిందంటే ఆ నెల మీద ఆశ వదులుకుని, రిపేర్లన్నీ అప్పుడు పెట్టుకోండి. ఈ పట్టింపులు లేనివాళ్లెవరైనా వస్తే సరే.

బోర్డు మీద ‘టులెట్’ అని రాసి ఊరుకోకండి. ఎన్ని గదులు, ఎన్నో అంతస్తు, బండి పెట్టుకునే చోటుందా, అద్దెంత, అన్నీ రాయండి. అద్దె రాస్తే ఊరికే అడిగిపోయే ఫోన్లు సగానికి సగం తగ్గుతాయి. ఆన్‌లైన్లో పెట్టినా తప్పులేదు గానీ, నాకు పనికొచ్చిన మనుషులందరూ నోటి మాట మీద వచ్చినవాళ్లే. వీధి చివర కిరాణా కొట్టు, ఇస్త్రీ బండి, పాలబ్బాయి, మీ పిల్లలు చదివిన బడిలో మాస్టారు, వీళ్లకి చెప్పండి. ఇస్త్రీ అతనికి ఏ ఇంట్లో ఎవరు ఖాళీ చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో కూడా తెలుసు. బ్రోకరు దగ్గరకి వెళ్తే కమీషన్ ఎవరిస్తారో ముందే తేల్చుకోండి.

4. చూడటానికి వచ్చినప్పుడు

విజయనగరానికి ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు రకరకాలు. బదిలీ మీద వచ్చిన టీచర్లు, రైల్వే వాళ్లు ఒక రకం. పిల్లల చదువు కోసం బొబ్బిలి, గజపతినగరం, చీపురుపల్లి పల్లెల నుంచి వచ్చి కాపురం పెట్టే తల్లులు మరో రకం. వాళ్ల ఇళ్లలో తండ్రి ఊళ్లో వ్యవసాయం చేస్తూనో, హైదరాబాద్‌లోనో గల్ఫ్‌లోనో పనిలోనో ఉంటాడు, శనాదివారాలకో ఏడాదికోసారో వస్తాడు. ఇక్కడ అద్దె తక్కువని ఉంటూ రోజూ విశాఖ వెళ్లొచ్చేవాళ్లు, భోగాపురం విమానాశ్రయం పనుల మీద వచ్చినవాళ్లు, నెల్లిమర్లలో మెడిసిన్ చదివే పిల్లలు, ఇలా చాలామంది.

‘ఫ్యామిలీకి మాత్రమే’ అని రాసేముందు ఒక్కసారి ఆలోచించండి. మూడేళ్లు మా పై పోర్షన్లో ఇద్దరు మెడిసిన్ కుర్రాళ్లున్నారు. రాత్రి రెండింటికి గేటు కిర్రుమనేది, అంతే. గేటు కీలుకి నూనె రాశాను, అదీ తీరిపోయింది. అద్దె మాత్రం ఒకటో తారీకు పొద్దున్నే ఫోన్లో పడేది.

‘మీరేవిట్లు?’ అన్న ప్రశ్న మన వీధుల్లో ఇంకా మొదటి ప్రశ్నే. అడగడం ఎదుటివాళ్లని నొప్పించడం, అది ఎలాగూ ఉంది. నా అనుభవంలో ఆ జవాబుకీ అద్దె టైముకి రావడానికీ సంబంధమే లేదు. చెయ్యి కాల్చుకున్నానన్న ఇద్దరిలో ఒకరు మావాళ్లే. ‘మనవాళ్లే కదా’ అని ఏమీ అడక్కుండా ఇచ్చాను. ఇంట్లో ఎండుచేప వండితే మీకు పడదా, అది మీ సంగతి. దాన్ని కులం చాటున దాచకుండా మొదటిరోజే నోరు విప్పి చెప్పండి. వాళ్లకి కుదిరితే వస్తారు.

నేను అడిగే ప్రశ్నలు ఇవి. ఇప్పుడెక్కడుంటున్నారు, ఎన్నాళ్లుగా? ఎందుకు మారుతున్నారు? ఎంతమంది ఉంటారు? ఎప్పట్నుంచి కావాలి? చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. ‘రేపే దిగిపోతామండీ, అడ్వాన్స్ ఇప్పుడే తీసుకోండి’ అని జేబులోంచి నోట్లు తీసే మనిషిని చూస్తే సంతోషం వేస్తుంది. నాకూ వేసింది. కారులో వచ్చి, మా అమ్మగారి కాళ్లకి దండం పెట్టి, అడ్వాన్స్ బల్ల మీద పెట్టాడు. ఏడు నెలల్లో మూడు నెలల అద్దె ఎగ్గొట్టాడు. వెళ్తూ వెళ్తూ గీజరు కూడా విప్పుకుపోయాడు. అంత తొందరగా ఇల్లు ఎందుకు కావాల్సొచ్చిందో ఆ రోజు అడగాల్సింది.

వచ్చినవాళ్లు ఇంటిని ఎలా చూస్తున్నారో గమనించండి. కుళాయి తిప్పి చూసేవాళ్లు, స్విచ్‌లు వేసి చూసేవాళ్లు, బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలని అడిగే ఆడవాళ్లు నిజంగా కాపురం ఉందామని వచ్చినవాళ్లు. గుమ్మంలో నిలబడి ‘బాగుంది, బాగుంది’ అనేవాళ్ల మీద నాకంత గురి లేదు. రెండోసారి చూడటానికి ఇంటిల్లిపాదీ రమ్మనండి.

5. పాత ఇంటివాళ్లకి ఫోన్ చేయండి, ఇప్పుడున్న ఇంటివాళ్లకి కాదు

నేను చెప్పేవాటిలో ఒక్కటే చేస్తానంటే ఇది చేయండి. ఇప్పుడున్న ఇంటాయనకి ఫోన్ చేస్తే ‘బంగారంలాంటి మనుషులండీ’ అంటాడు. ఆ గీజరు మనిషి గురించి అలాగే అన్నాడు. తర్వాత తెలిసింది, వాళ్లని ఎలాగైనా వదిలించుకోవాలని ఆయన ఆరు నెలలుగా తంటాలు పడుతున్నాడట. నేను దొరికాను.

అంతకుముందు ఇంటివాళ్లకైతే ఈ బెంగ లేదు. వాళ్ల నంబరు అడిగి తీసుకోండి. ఇవ్వడానికి నసిగితే అదే జవాబు. ఇప్పుడు మా పైన ఉన్నవాళ్ల గురించి శ్రీకాకుళంలో, అరసవిల్లి దారిలో ఉండే ఒక మామ్మగారికి చేశాను. ఆవిడ అన్నమాట ఇది:

‘ఆల్లా? మంచోళ్లే బాబూ. అద్దె ఐదో తారీకు దాటనిచ్చీవోరు కాదు. ఒక్కటే, ఆ గుంటడు గోడలన్నీ పెన్సిలెట్టి గీసీసినాడు. ఎల్లినప్పుడు సున్నమేయించీసే ఎల్లినార్లే.’

నాకు కావాల్సినవన్నీ ఆ నాలుగు ముక్కల్లో వచ్చేశాయి. మీరు అడగాల్సినవి కూడా అవే. అద్దె ఎన్నో తారీకుకి ఇచ్చేవారు? వెళ్లేటప్పుడు ఇల్లు ఎలా ఉంది? మళ్లీ వస్తామంటే ఇస్తారా? మూడో ప్రశ్నకి క్షణం తటపటాయిస్తే చాలు, మిగతాది మీరే ఊహించుకోవచ్చు.

6. కాగితం

ఎంత తెలిసినవాళ్లైనా అగ్రిమెంటు రాసుకోండి. 11 నెలలకే ఎందుకు రాస్తారని చాలామంది అడుగుతారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మొదట ఏడాదికి మించిన లీజునే రిజిస్టర్ చేయించి తీరాలంది, అందుకని 11 దగ్గర ఆపడం అలవాటైంది. కానీ మన రాష్ట్రంలో 1999 సవరణ తర్వాత ఎన్ని నెలల లీజు కాగితమైనా రిజిస్టర్ చేయించాల్సిందే. నోటరీ చేయించడం రిజిస్ట్రేషన్ కిందకి రాదని గుర్తుంచుకోండి. గడువు తీరగానే కొత్తది రాసుకోండి. అద్దె ఎంత పెంచుతారో కూడా మొదటి కాగితంలోనే రాస్తే, ఏడాది తిరిగాక ఇద్దరికీ మొహమాటం ఉండదు.

ఖాళీ చేయాలన్నా చేయించాలన్నా ఎన్నాళ్ల ముందు చెప్పాలో తప్పకుండా రాయండి. ఏమీ రాసుకోకపోతే నెలనెలా సాగే అద్దెకి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెప్పేది 15 రోజులే. పదిహేను రోజుల్లో వాళ్లకి ఇల్లూ దొరకదు, మనకి మనిషీ దొరకడు. నేను రెండు నెలలు రాస్తాను. కరెంటు ఎవరిది, ఎంతమంది ఉంటారు, మరొకరికి అద్దెకివ్వకూడదు, మోటారు కాలితే ఎవరు బాగుచేయించాలి, తుఫానుకి కిటికీ అద్దాలు పగిలితే ఎవరిది, ఇవన్నీ ఒక్కో లైను చాలు. చివరిది మాత్రం ఇల్లుగలవాళ్లదే అని నా అభిప్రాయం.

అడ్వాన్స్ రెండు నెలలకి మించి అడగొద్దు. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడా నివాస ఇళ్లకి రెండు నెలల అద్దెనే పరిమితిగా పెట్టింది. ఆధార్ కాపీ అడిగితే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి, అది వాళ్లకీ ధైర్యం. ఉద్యోగం కార్డు కాపీ, ఊళ్లో ఉండే దగ్గరి చుట్టం నంబరు తీసుకుని, వివరాలు పోలీస్ స్టేషన్లో ఇచ్చి రండి. వాళ్ల ఎదురుగానే ‘అందరివీ ఇస్తామండీ’ అని చెప్పి చేస్తే ఎవరూ బాధపడరు.

7. తాళాలు ఇచ్చే రోజు

వాళ్లనీ వెంటబెట్టుకుని గదిగదికీ వెళ్లి ఫోన్లో వీడియో తీయండి. ఫ్యాన్లు, ట్యూబులైట్లు, గీజరు, సింకు, తలుపుల గెడలు, గోడల మీద ముందే ఉన్న మచ్చలు కూడా. మీటరు రీడింగ్ ఫోటో తీసి, ఆ వీడియోతో పాటు వాళ్ల వాట్సాప్‌కి అప్పటికప్పుడే పంపండి.

8. ఉన్నన్నాళ్లూ

అద్దె ఫోన్లో వేయించుకోండి, రసీదు ఇవ్వండి. ఉద్యోగస్తులకి హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం) కోసం ఆ రసీదు కావాలి. ఏడాది అద్దె లక్ష దాటితే మీ పాన్ నంబరు కూడా అడుగుతారు. ‘పాన్ ఇవ్వను’ అనడం వల్ల మంచి ఉద్యోగస్తులు చాలామంది వెళ్లిపోతారు. భయపడాల్సిందేమీ లేదు. అద్దె ఆదాయంలోంచి మీరు కట్టిన ఇంటిపన్ను, ఆపైన మిగిలినదాంట్లో 30 శాతం తీసేసే పన్ను లెక్క చూస్తారు. వేరే పెద్ద ఆదాయం లేని మనలాంటి వాళ్లలో చాలామందికి కట్టాల్సింది ఏమీ ఉండదు.

కుళాయి కారుతోందని చెబితే రెండ్రోజుల్లో మనిషిని పంపండి. చెప్పకుండా పైకి వెళ్లకండి, సొంత ఇల్లే అయినా. ఇక తొలేళ్లు, సిరిమాను రోజుల్లో వాళ్లింటికి పదిమంది చుట్టాలొస్తే ముఖం చిట్లించొద్దు. పైడితల్లి అమ్మవారి పండక్కి విజయనగరంలో చుట్టాలు రాని ఇల్లు ఉంటుందా? ఆ రెండు రోజులూ మోటారు మరో అరగంట వేస్తే సరిపోతుంది. ‘ఐదుగురికి మించకూడదు’ అని అగ్రిమెంట్లో రాసింది కాపురానికి, పండగకి కాదు.

9. మాట తేడా వస్తే

అద్దె ఒక నెల ఆగితే అడగండి, రెండో నెల ఆగితే రాతపూర్వకంగా అడగండి. మూడోది ఆగేదాకా చూడొద్దు. నేను చూశాను, ఏమైందో పైన చెప్పాను. అప్పటికీ లొంగకపోతే వకీలు నోటీసు, ఆ తర్వాత కోర్టు. అంతేగానీ నీళ్లు ఆపడం, కరెంటు పీకడం, వాళ్లు ఊరెళ్లినప్పుడు తాళం మార్చడం చేయకండి. చట్టప్రకారం కాకుండా ఇంట్లోంచి వెళ్లగొడితే, ఆరు నెలల్లోగా కోర్టుకి వెళ్లి మళ్లీ లోపలికి వచ్చే హక్కు 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం వాళ్లకిచ్చింది. అప్పుడు ఇల్లు మనదన్న మాట కూడా పనికిరాదు.

ఇంకో భయం అందరి నోటా వినిపిస్తుంది: ‘పన్నెండేళ్లు ఉంటే ఇల్లు వాళ్లదైపోతుంది’ అని. మీ అనుమతితో, అద్దె కడుతూ ఉన్నవాళ్లకి ఆ లెక్క వర్తించదు. అగ్రిమెంట్లు, అద్దె పడిన బ్యాంకు లెక్కలు జాగ్రత్తగా ఉంచుకుంటే చాలు. ఈ భయంతో బంగారంలాంటి కుటుంబాన్ని పదకొండో ఏట ఖాళీ చేయించి, తర్వాత ఏడాదిలో ముగ్గురిని మార్చినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

10. ఖాళీ చేసేటప్పుడు

కరెంటు బిల్లు మీదున్న సర్వీసు నంబరు ఫోన్లో కొట్టి బకాయి ఉందేమో చూడండి. చివరి రీడింగ్ ఇద్దరూ కలిసి తీసి, ఆ డబ్బు లెక్కకట్టండి. పాత వీడియో పెట్టుకుని గదులు తిరగండి. మేకుల కన్నాలకీ, వంటింటి జిడ్డుకీ డబ్బులు పట్టుకోవద్దు, మనుషులు కాపురం చేసిన ఇల్లు అలాగే ఉంటుంది. మిగిలిన అడ్వాన్స్ సామాను లారీ కదలకముందే చేతిలో పెట్టండి. ‘వచ్చే నెల చూద్దాం’ అన్నారంటే ఆ మాట వీధంతా తిరుగుతుంది.

పోయినసారి మా పైవాళ్లు పార్వతీపురం బదిలీ అయి వెళ్తుంటే అలాగే ఇచ్చాం. లారీ ఎక్కబోతూ ఆ అమ్మాయి మా ఆవిడతో అంది: ‘పిన్నిగారూ, మా స్కూల్లోనే ఇంకో మాస్టారు ఇల్లు వెతుకుతున్నారు, మీ నంబరు ఇవ్వమంటారా?’ అని. శ్రీకాకుళం మామ్మగారు చెప్పిన, గోడలు గీసే గుంటడి నాన్నే ఆ మాస్టారు. ఈసారి టులెట్ బోర్డు అటక మీంచి దించనే లేదు.